ప్రేలాపన, సంధి, పలవరింత, పొంతన లేని మాట: ఏది ఎక్కడ వాడాలి?

పెదవాల్తేరు మూర్తి

అందరికీ నమస్కారం. మా వీధిలో పెద్దవాళ్ల సంఘం ఒకటి నడుస్తోంది. చాలా ఇళ్లల్లో పరిస్థితి మీకు తెలిసిందే, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు, ఇక్కడ ముసలి దంపతులిద్దరే, లేదా ఒక్కరే, వాళ్లని చూసుకోడానికి పగలొకరు రాత్రొకరు వస్తుంటారు. అలా చూసుకునేవాళ్ల చేతిలో పెట్టడానికి ఒక చిన్న పుస్తకం వేస్తున్నాం. విషయమంతా ఒక డాక్టరు గారు ఇంగ్లీషులో రాసిచ్చారు, తెలుగు చేసే పని నాకు అప్పజెప్పారు. బీపీ, షుగర్, కాలు జారి పడటం, ఇవన్నీ అయిపోయాయి. పెద్దాయన ఉన్నట్టుండి అర్థంపర్థం లేకుండా మాట్లాడటం మొదలుపెడితే ఏం చెయ్యాలి అనే పేజీ దగ్గర మాత్రం కలం ముందుకు సాగడం లేదు.

శీర్షికగా మొదట "ప్రేలాపన" అని పెట్టాను. మా ఆవిడ చూసి, రోగిని తిట్టినట్టుందండీ అంది. "అసంబద్ధ ప్రసంగం" అంటే ఎవరో సభలో మాట్లాడినట్టుంది. "మతిభ్రమణం" అంటే ఇంటివాళ్లు హడలిపోతారు. "పొంతన లేని మాటలు", "సంధి", "పలవరింత", "కలవరింత" ఇవి కూడా వరసగా రాసి పెట్టుకున్నాను. ఒక్కోదానికి అసలు అర్థం ఏమిటి, మన విశాఖలో ఎవరు ఏది వాడతారు, రాత్రి డ్యూటీకి వచ్చే అమ్మాయి చదివితే ఠక్కున ఏది తెలుస్తుంది, కొంచెం వివరంగా చెప్పండి.

గాజువాక శ్రీను

మూర్తి గారూ, ప్రేలాపన మాత్రం వద్దు. ఏ రోజు పేపరు తీసినా ఒక పార్టీవాళ్లు ఇంకో పార్టీవాళ్లని "పిచ్చి ప్రేలాపనలు మానుకోవాలి" అని హెచ్చరిస్తూనే ఉంటారు. "అవాకులు చవాకులు పేలితే ఊరుకోం" అనేది కూడా అంతే. ఆ మాట వినీ వినీ జనానికి అది తిట్టుగానే తలకెక్కింది. మా వైపు "ఏటి పేలతన్నావు" అన్నారంటే గొడవకి పిలిచినట్టే లెక్క. మంచం మీద ఉన్న మనిషికి ఆ మాట ఎలా వాడతామండీ?

తర్కం మాస్టారు

ఇప్పుడు తిట్టయింది నిజమే, కానీ పుట్టుకతో తిట్టు కాదు. సంస్కృతంలో మాట "ప్రలాపం". అమరకోశంలో "ప్రలాపోఽనర్థకం వచః" అని సూటిగా ఉంది, అర్థం లేని మాట ప్రలాపం, అంతే. దాని చుట్టూ ఆ కుటుంబమంతా ఉంటుంది: పలకరించడం ఆలాపం, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం సంలాపం, ఏడుస్తూ మాట్లాడటం విలాపం, ఉన్నదాన్ని లేదని బుకాయించడం అపలాపం, ఎదురు మాట్లాడటం విప్రలాపం, ఒకటే మాట మళ్లీ మళ్లీ అనడం అనులాపం. చిన్నప్పుడు మాకు ఇవి కంఠతా పట్టించేవారు, అర్థం పెద్దయ్యాక తెలిసింది. భగవద్గీత అయిదో అధ్యాయంలో "ప్రలపన్" అన్న మాట వస్తుంది, అక్కడైతే కేవలం "మాట్లాడుతూ" అనే అర్థం, దోషమే లేదు.

ఇక తెలుగులో "ప్రేలు" లేదా "పేలు" అనే క్రియ ఉంది. పెనం మీద పేలాలు పేలినట్టు ఒకదాని వెనక ఒకటి, వరసా వావీ లేకుండా మాటలు బయటికి రావడం. ఆ రెండూ చెవికి దగ్గర దగ్గరగా ఉండటంతో ప్రేలాపన అనే రూపం జనానికి బాగా కుదిరిపోయిందని నాకనిపిస్తుంది.

అలంకార శాస్త్రంలో ప్రలాపానికి గౌరవమైన చోటే ఉంది. విరహంలో ఉన్నవాళ్లకి చెప్పిన పది దశల్లో అది ఒకటి: అభిలాష, చింత, స్మృతి, గుణకథనం, ఉద్వేగం, ప్రలాపం, ఉన్మాదం, వ్యాధి, జడత, మృతి. సీత కనబడక రాముడు చెట్టునీ పుట్టనీ అడిగాడే, దాన్ని ఎవరూ పిచ్చి వాగుడు అనలేదు కదా. మాట తెగిపోయిందంటే లోపల ఏదో తెగిందని అప్పటివాళ్లు గుర్తించారు.

వార్డు సిస్టర్

నేను చాలా ఏళ్లుగా మెడికల్ వార్డులో పనిచేస్తున్నాను. పేషెంటుతో వచ్చినవాళ్లు వాడే మాటలు చెబుతాను, మూర్తి గారికి ఇవే ఎక్కువ పనికొస్తాయి.

కొంచెం వయసున్నవాళ్లు, పల్లెల నుంచి వచ్చినవాళ్లు "సంధి కొట్టిందమ్మా", "సంధి ప్రేలాపన" అంటారు. మధ్య వయసువాళ్లు "ఏదేదో మాట్లాడుతున్నాడు", "మనిషి మనిషిలా లేడు" అంటారు. కుర్రాళ్లు "కన్‌ఫ్యూజ్ అవుతున్నారు" అంటారు. మాట ముద్దగా వస్తే "నాలిక మడత పడుతోంది" అంటారు, అసలు రాకపోతే "మాట పడిపోయింది". ఈ చివరి రెండూ వినగానే నేను కేస్ షీటు కూడా చూడకుండా డాక్టరు గారి దగ్గరికి పరిగెడతాను, ఎందుకంటే అవి పక్షవాతం లక్షణాలు.

ఇప్పుడు సంధి సంగతి. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన. పగలంతా మామూలుగానే ఉన్నారు, మనవడి చదువు గురించి నాతో మాట్లాడారు. చీకటి పడేసరికి సెలైన్ స్టాండుని చూసి "ఈ స్తంభం ఎవరు పాతారు ఇక్కడ" అన్నారు. తర్వాత నన్ను కండక్టర్ అనుకుని, మద్దిలపాలెంలో ఆపమని చెప్పాను కదా, దాటించేశావేం అని కోప్పడ్డారు. వేళ్లతో దుప్పటి మీద లేని నూలు పోగులు ఏరుతూనే ఉన్నారు. ప్రశ్న అడిగితే సగం విని కిటికీ వైపు చూసేవారు. కొడుకు పక్కనే కూర్చుని "నాన్నకి పిచ్చెక్కిందా సిస్టర్" అని ఏడ్చేశాడు. పిచ్చి కాదు, ఏమీ కాదు. రక్తంలో సోడియం బాగా తగ్గింది, దానికి తోడు మూత్రంలో ఇన్‌ఫెక్షన్. అవి సరిచేస్తే రెండు మూడు రోజుల్లో మళ్లీ మనవడి గురించే మాట్లాడారు.

దీన్నే డాక్టర్లు డెలీరియం అంటారు. గంటల్లో, మహా అయితే రోజుల్లో మొదలవుతుంది. పొద్దున బాగుంటారు, రాత్రికి ఎక్కువవుతుంది. దేని మీదా ధ్యాస నిలవదు. మతిమరుపు జబ్బు అలా కాదు, అది నెలలూ సంవత్సరాలూ పట్టి మెల్లగా వస్తుంది. ఈ తేడా మీ పేజీలో అన్నిటికంటే పైన ఉండాలి.

ఎంవీపీ కుర్రాడు

సిస్టర్ గారూ, సంధి అంటే నాకు తెలిసింది సవర్ణదీర్ఘ సంధి, గుణసంధి. లేకపోతే రెండు దేశాల మధ్య సంధి. జబ్బు పేరుగా ఈ రోజే వింటున్నాను. నా వయసువాళ్లు పుస్తకంలో "సంధి" అని చూస్తే వ్యాకరణం పేజీ అనుకుని తిప్పేస్తారేమో. అసలు ఆ మాట జబ్బుకి ఎలా వచ్చింది?

తర్కం మాస్టారు

సంధి అంటే కలయిక, అది నీకు తెలిసిందే నాయనా. ఆయుర్వేదంలో వాతం, పిత్తం, కఫం మూడూ ఒకేసారి ప్రకోపించి కలిసిపోతే దాన్ని సన్నిపాతం అంటారు, ఆ జ్వరానికి చెప్పే లక్షణాల్లో ప్రలాపం ఉంటుంది. వాడుకలో దాన్నే సంధి అన్నారు, కొన్ని చోట్ల "సన్ని" అన్నారు. టైఫాయిడ్‌ని తెలుగులో సన్నిపాత జ్వరం అనేవారు. ఆ ఇంగ్లీషు పేరు కూడా గ్రీకులో పొగ, మసక అనే అర్థం ఉన్న మాట నుంచి వచ్చిందే, రోగి మనసు మసకబారి గొణుగుతూ ఉంటాడు కనుక. ఇక్కడి వైద్యులూ అక్కడి వైద్యులూ మంచం పక్కన కూర్చుని గమనించింది ఒకటే.

భీమిలి అప్ప

మూర్తి గారూ, పలవరింతకీ కలవరింతకీ చిన్న తేడా ఉందండి, కనీసం మా ఇళ్లల్లో వాడే పద్ధతిలో. నిద్రలో మాట్లాడితే కలవరింత, "రాత్రి కలవరించావురా" అని పిల్లాడితో అంటాం, దాని గురించి ఎవరికీ టెన్షన్ ఉండదు. పలవరింత అంటే మనసులో ఉన్న మనిషి పేరో, కోరికో పదే పదే బయటికి రావడం. జ్వరంలో కూడా పలవరిస్తారు, దూరాన ఉన్న కూతురి కోసం కూడా పలవరిస్తారు. ఈ రెండిట్లోనూ మందలింపు లేదు, జాలే ఉంది. వాగుడు, వదరుబోతుతనం, సొల్లు, సోది, ఇవన్నీ మందలింపులే.

పసిపిల్లల మాట సంగతి చూడండి. అదీ అర్థం లేని మాటే కదా. దానికి మాత్రం వచ్చీరాని మాటలు, ముద్దు మాటలు, చిలక పలుకులు అని ఎంత చక్కగా పేర్లు పెట్టుకున్నాం. అదే ముసలామె నోట వస్తే "చాదస్తం", "వాగుడు". ఇది నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇంకొకటి తప్పక రాయండి. మా వైపు ఒంటిమీద తెలివి లేకుండా మాట్లాడితే "గాలి సోకింది" అనేసి ముందు మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకెళ్తారు. తాయెత్తు కట్టించి, తెల్లారే వరకూ చూద్దాం అంటారు. ఆ తెల్లారేలోపే పోయినవాళ్లున్నారు. తాయెత్తు వద్దని దెబ్బలాడితే ఎవరూ వినరు, "కట్టండి, కానీ ఆసుపత్రికి వెళ్లే దారిలో కట్టండి" అని రాయండి, అది వింటారు.

మాటసాయం

నేను స్పీచ్ థెరపిస్టుని. సిస్టర్ గారు చెప్పిన డెలీరియం ఒక దారి. మెదడులో మాటకి సంబంధించిన భాగం దెబ్బతినడం ఇంకో దారి, దాన్ని అఫేజియా అంటాం. బయటికి రెండూ "ఏదో మాట్లాడుతున్నాడు" లాగే వినిపిస్తాయి కాబట్టి పేజీలో రెండిటికీ చోటు ఇవ్వాలి.

1861లో ప్యారిస్‌లో బ్రోకా అనే డాక్టరు ఒక రోగి గురించి రాశాడు. ఆ మనిషి ఏం అడిగినా "టాన్" అని మాత్రమే అనగలిగేవాడు, ఎదుటివాళ్ల మాట మాత్రం అర్థమయ్యేది. ఆయన చనిపోయాక చూస్తే మెదడు ఎడమవైపు ముందుభాగంలో దెబ్బ కనిపించింది. 1874లో జర్మనీకి చెందిన వెర్నికె దీనికి తిరగబడిన రకాన్ని చెప్పాడు. అక్కడ మాట ధారగా వస్తుంది, ఎత్తూ పల్లం, విసురూ అన్నీ మామూలు మాటలాగే ఉంటాయి, అర్థం ఉండదు. పైగా తన మాట తప్పుగా వస్తోందని ఆ మనిషికి చాలాసార్లు తెలియదు, మనకి అర్థం కావట్లేదని ఆయనకి కోపం వస్తుంది.

నా దగ్గరికి వచ్చిన ఒకావిడ ఫిషింగ్ హార్బర్‌లో చేపలు అమ్మేవారు. స్ట్రోక్ తర్వాత మొదటిసారి కూర్చున్నప్పుడు వంజరం బొమ్మ చూపించాను. గట్టిగా, ధీమాగా "గొడుగు" అన్నారు. చందువ చూపిస్తే "గొడుగు తమ్ముడు" అన్నారు. కానాగడత చూపిస్తే మన భాషలో లేని ఒక మాట అన్నారు. నేను వేళ్లు ముడిచి ఒకటి అని మొదలుపెట్టగానే రెండు, మూడు, నాలుగు అంటూ ఇరవై దాకా ఆగకుండా లెక్కపెట్టారు. వరసగా నోటికి అలవాటైన లెక్కలూ, పాటలూ, దేవుడి పేర్లూ చాలామందిలో అలా మిగిలి ఉంటాయి, మేం అక్కడి నుంచే పని మొదలుపెడతాం. ఆవిడ కొడుకు మాత్రం ఆసుపత్రికి రాకముందు ఒక పూటంతా "అమ్మ కావాలని ఎకసెక్కాలాడుతోంది" అనుకుని కసురుకున్నాడు.

ఆ పూట ఎంత విలువైందో చెబుతాను. గడ్డ కట్టిన రక్తం వల్ల వచ్చిన స్ట్రోక్‌కి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా 4.5 గంటల లోపే ఇస్తారు. ఆ లెక్క ఆసుపత్రి గుమ్మం దగ్గర మొదలవ్వదు, మనిషి చివరిసారి బాగా కనిపించిన నిమిషం నుంచి మొదలవుతుంది. అందుకే నవ్వమనండి, మూతి వంకర పోతోందా చూడండి. రెండు చేతులూ పైకెత్తమనండి, ఒకటి జారుతోందా చూడండి. చిన్న వాక్యం తిరిగి చెప్పమనండి. ఒక్కటి తేడాగా ఉన్నా 108కి ఫోన్ చెయ్యండి.

తర్కం మాస్టారు

మాటసాయం గారు చెప్పిన గొడుగు, గొడుగు తమ్ముడు చదివాక ఆగలేకపోయాను. పతంజలి రాసిన వ్యాకరణ గ్రంథం మహాభాష్యంలో ఒక ఉదాహరణ ఉంది, న్యాయశాస్త్రంవాళ్లూ (కోర్టు న్యాయం కాదు, తర్కం చెప్పే శాస్త్రం) దాన్నే వాడుకున్నారు: "దశ దాడిమాని, షడపూపాః, కుండం, అజాజినం, పలలపిండః". పది దానిమ్మలు, ఆరు అప్పాలు, ఒక కుండ, మేకతోలు, మాంసం ముద్ద. ఒక్కో మాటకీ అర్థం ఉంది, కలిపితే ఏమీ లేదు. దీన్ని అపార్థకం అన్నారు. జ, బ, గ, డ, ద, ఇలా అసలు అర్థమే లేని అక్షరాలు పలికితే నిరర్థకం. వాదంలో ఓటమికి కారణమయ్యే 22 నిగ్రహస్థానాల్లో ఈ రెండూ ఉన్నాయి.

మాట కుదరాలంటే మూడు కావాలని తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు చెబుతాడు. ఒక మాట ఇంకో మాటని కోరుకోవాలి, అది ఆకాంక్ష. "ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు" అంటే ఆకాంక్ష లేదు. అర్థాలు పొసగాలి, అది యోగ్యత. "నిప్పుతో తడుపు" అంటే యోగ్యత లేదు. దగ్గర దగ్గరగా పలకాలి, అది సన్నిధి. "ఆవుని" అని ఇప్పుడు అని "తోలుకురా" అని రెండు గంటల తర్వాత అంటే సన్నిధి లేదు. మాట పొంతన తప్పిందంటే ఈ మూడిట్లో ఏది తప్పిందో చూడొచ్చు కదా?

గాజువాక శ్రీను

మాస్టారూ, మీరు చెప్పేవి వింటుంటే ఎంతసేపైనా వినాలనిపిస్తుంది. కానీ రాత్రి రెండింటికి ఒక్కతే ఉన్న అమ్మాయి ఆకాంక్ష, యోగ్యత చూసుకుంటూ కూర్చోలేదు కదండీ. ఆ పేజీలో ఒక్క బరువైన మాట కూడా ఉండకూడదని నా అభిప్రాయం.

వార్డు సిస్టర్

శ్రీను గారూ, పేర్లు అక్కర్లేదు గానీ మాస్టారి గారి పద్ధతి అక్కర్లేదని అనకండి. డాక్టరు గారు అడిగేది అదే. "ఏదో వాగుతున్నాడు" అని చెబితే ఆయనకి ఏమీ తెలియదు. "కుర్చీని గేదె అంటున్నాడు" అంటే ఒకటి తెలుస్తుంది, "మాటలు సరిగ్గానే ఉన్నాయి కానీ చనిపోయిన తమ్ముడితో మాట్లాడుతున్నాడు" అంటే ఇంకోటి తెలుస్తుంది, "మాట ముద్దగా ఉంది, విషయం మాత్రం సరిగ్గా చెబుతున్నాడు" అంటే పూర్తిగా వేరే. కాబట్టి విన్నది విన్నట్టు ఒకటి రెండు మాటలు కాగితం మీద రాసి తీసుకురమ్మని చెప్పండి. ఫోన్లో రికార్డు చేసినా మంచిదే, డాక్టరు గారికి చూపించడానికి మాత్రమే, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడానికి కాదు.

అనకాపల్లి అమ్మాయి

షుగర్ పడిపోవడం మర్చిపోకండి. మా నాన్నమ్మ ఒకరోజు పొద్దున్న టిఫిన్ సరిగ్గా తినకుండా మాత్ర వేసుకుంది. కాసేపటికి చెమటలు, వణుకు, నన్ను పట్టుకుని "పందిరి వెయ్యలేదేం, పెళ్లివారు వచ్చేస్తున్నారు" అని గొడవ. ఇంట్లో మిషన్ ఉంది కాబట్టి చూశాం, బాగా తక్కువుంది. గ్లూకోజు నీళ్లు తాగించాక మామూలు మనిషైంది. స్పృహలో ఉండి మింగగలిగితేనే తాగించాలి, మగతగా ఉంటే నోట్లో ఏమీ పొయ్యకూడదని తర్వాత డాక్టరు చెప్పారు.

మే నెల ఎండలూ రాయండి. మన దగ్గర ఉక్కపోతకి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఒంటి వేడి 104 దాకా పోయి మాట తడబడితే అది వడదెబ్బే, ఆలస్యం చెయ్యకూడదు.

కోర్టు గుమ్మం

చట్టంలో కూడా ఈ మాటకి చోటుంది కాబట్టి రాస్తున్నాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి సరిగ్గా సంధి గురించే. మామూలుగా తెలివిగా ఉండే మనిషి జ్వరం వల్ల సంధి ప్రేలాపనలో ఉంటే, అది ఉన్నంతసేపూ ఒప్పందం చెయ్యలేడు. తగ్గాక చెయ్యగలడు. వీలునామాకీ అంతే, 1925 నాటి వారసత్వ చట్టం 59వ సెక్షన్ ప్రకారం మతి స్థిమితం లేనివాళ్లు కూడా మనసు కుదురుగా ఉన్న సమయంలో వీలునామా రాయొచ్చు. అంటే చట్టం మనిషి మీద శాశ్వతంగా ముద్ర వెయ్యడం లేదు, ఆ వేళ ఎలా ఉన్నాడో చూస్తోంది.

మరణ వాంగ్మూలం దగ్గరా ఇదే ప్రశ్న వస్తుంది. 2024 జులై 1 నుంచి అది భారతీయ సాక్ష్య అధినియమ్ 26వ సెక్షన్ కిందికి వచ్చింది, అంతకుముందు ఎవిడెన్స్ చట్టం 32వ సెక్షన్. చెప్పే మనిషి తెలివిలో ఉన్నాడా లేడా అన్నదే ప్రధానం. డాక్టరు సర్టిఫికెట్ లేదన్న ఒక్క కారణంతో వాంగ్మూలాన్ని కొట్టెయ్యకూడదని, రాసుకున్న మేజిస్ట్రేటుకి నమ్మకం కలిగితే చాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2002లో లక్ష్మణ్ కేసులో చెప్పింది.

ఇది మూర్తి గారి పుస్తకానికి ఎందుకంటే, పెద్దవాళ్లు అలా ఉన్నప్పుడు కాగితాల మీద సంతకాలో వేలిముద్రలో పెట్టించకూడదని ఒక్క లైను రాయండి. ఇంట్లో పనిచేసే మనిషికి కూడా అది రక్షణే, రేపు ఎవరూ వేలెత్తి చూపించరు.

తొట్లకొండ నడక

చిన్న మాట. బౌద్ధంలో నోటితో చేసే నాలుగు తప్పులు చెబుతారు: అబద్ధం, చాడీ, పరుషం, పాళీ భాషలో "సంఫప్పలాప", అంటే పనికిమాలిన మాట. అందులో చివర ఉన్నది మాస్టారు చెప్పిన ప్రలాపమే. కాకపోతే అక్కడ తప్పు ఎంచింది తెలిసి కాలక్షేపానికి మాట్లాడేవాడిని, జ్వరంలో ఉన్నవాడిని కాదు. తిట్టుగా వాడే ప్రేలాపనకీ జబ్బుగా వాడే ప్రేలాపనకీ మధ్య గీత అదేననిపిస్తుంది. ఈ మాట వినే భిక్షువులు ఒకప్పుడు మన తొట్లకొండ మీదా, బావికొండ మీదా ఉండేవారు కదా అని గుర్తొచ్చింది.

పాడేరు టీచర్

ఇంత చర్చలో ఎవరూ అనని ఒక సంగతి ఉంది, అది నాకు చాలా ముఖ్యం. మా ఏజెన్సీ నుంచి జ్వరంతో విశాఖ తీసుకొచ్చిన మనిషి కువిలోనో, ఆదివాసీ ఒడియాలోనో మాట్లాడితే, అక్కడున్నవాళ్లకి అది "ఏదో వాగుతున్నాడు" అనిపిస్తుంది. ఒక ముసలాయన రాత్రంతా ఒకటే మాట అంటున్నాడు, సంధి అనుకున్నారు. నేను వెళ్లి వింటే ఆయన అడుగుతున్నది నీళ్లు. తెలుగు వచ్చిన మనిషే, సంతలో బేరమాడేంత తెలుగు ఉంది, కానీ ఒంట్లో బాగోనప్పుడు నోటికి అమ్మ భాషే వస్తుంది.

దీని రెండో వైపు కూడా ఉంది. మా దగ్గర మలేరియా ఎక్కువ, అందులో ఒక రకం మెదడుకి ఎక్కితే నిజంగానే మాట తప్పుతుంది, అది ప్రాణాంతకం. కాబట్టి భాష తెలిసినవాళ్లు పక్కనుంటే తప్ప ఏది మాటో ఏది సంధో తేలదు. మీ పెదవాల్తేరు ఇళ్లల్లో కూడా అరకు నుంచి వచ్చి పనిచేసే పిల్లలున్నారు, ఒడిశా నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దవాళ్లున్నారు, బెంగాలీలు, తమిళులు ఉన్నారు.

తర్కం మాస్టారు

టీచరు గారూ, మీరు చెప్పింది చాలా లోతైన సంగతి. "మ్లేచ్ఛ" అన్న మాట ఎక్కడిదనుకున్నారు? సంస్కృత క్రియల మూలరూపాల పట్టిక అయిన ధాతుపాఠంలో "మ్లేచ్ఛ అవ్యక్తే శబ్దే" అని ఉంది, స్పష్టంగా లేని ధ్వని అని అర్థం. మనకి అర్థం కాని భాష మాట్లాడేవాడు మ్లేచ్ఛుడైపోయాడు. గ్రీకులు కూడా పరాయి భాషలు "బర్ బర్" అని వినిపించాయని బార్బరోస్ అన్నారు. వినేవాడికి తెలియని మాటకి కూడా అర్థం లేని మాట అని పేరు పెట్టేశారన్నమాట.

పెదవాల్తేరు మూర్తి

అందరికీ చేతులెత్తి దణ్ణం. మీరు చెప్పినవన్నీ చదివాక శీర్షికలో పేరు పెట్టడమే మానేశాను. జబ్బు పేరుతో పనిలేదు, విన్నది ఏమిటో ఎప్పటి నుంచో చెబితే చాలు. పేజీ ఇలా రాశాను:

"ఉన్నట్టుండి మాటలో తేడా వస్తే. నిన్నటి దాకా బాగా మాట్లాడిన మనిషి ఈ రోజు పొంతన లేకుండా మాట్లాడినా, మాట ముద్దగా వచ్చినా, మాట రాకపోయినా అది చాదస్తం కాదు, గాలి కాదు, మీ మీద కోపం కాదు. ఒంట్లో ఏదో జరుగుతోంది. ముందు టైము చూడండి, చివరిసారి ఎప్పుడు బాగున్నారో కాగితం మీద రాయండి. నవ్వమనండి, చేతులెత్తమనండి, చిన్న వాక్యం చెప్పమనండి, ఒక్కటి తేడాగా ఉన్నా 108. షుగర్ మాత్రలు వాడేవారైతే షుగర్ చూడండి. ఒళ్లు పట్టుకుని చూడండి. వాళ్లన్న మాటలు ఒకటి రెండు ఉన్నవి ఉన్నట్టు రాయండి. కళ్లద్దాలు, చెవి మిషన్ పెట్టండి, లైటు వెయ్యండి, పేరు పెట్టి పిలిచి మీరెవరో చెప్పండి. వాదించకండి, కసరకండి. ఏ కాగితం మీదా సంతకం పెట్టించకండి."

వార్డు సిస్టర్

బాగుంది. "ఒళ్లు పట్టుకుని చూడండి" పక్కన "మూత్రం ఎప్పుడు పోశారు, నీళ్లు ఎన్నిసార్లు తాగారు, ఈ వారంలో కొత్త మాత్ర ఏదైనా మొదలుపెట్టారా" అని చేర్చండి. నిద్రమాత్రలు, జలుబు మందులు కూడా పెద్దవాళ్లని అలా చేస్తాయి. రోజూ మందు తాగే అలవాటుండి హఠాత్తుగా మానేసినా రెండు మూడు రోజులకి సంధి వస్తుంది, చాలా ఇళ్లల్లో పరువు కోసం ఈ సంగతి దాచేస్తారు. దాచొద్దని రాయండి.

పాడేరు టీచర్

మొదటి పేజీలో పేరు, వయసు, ఫోన్ నంబరు రాసుకునే ఖాళీలు పెడతారు కదా, అక్కడే "చిన్నప్పటి భాష" అని ఇంకో ఖాళీ వదలండి. పక్కనే ఆ భాష తెలిసినవాళ్ల నంబరు రాసుకోడానికి కూడా.

పెదవాల్తేరు మూర్తి

రెండూ చేర్చాను. అప్ప గారి తాయెత్తు వాక్యం కూడా అలాగే పెట్టాను, డాక్టరు గారికి అదే బాగా నచ్చింది. సోమవారం ప్రెస్సుకి ఇస్తున్నాం.

గాజువాక శ్రీను

అక్షరాలు పెద్దవి వెయ్యమనండి మూర్తి గారూ, ఆ ఒక్క పేజీ గోడకి అంటించుకునేలా విడిగా కూడా కొట్టించండి. మా కాలనీకి ఓ వంద కావాలి, డబ్బులు మేం ఇస్తాం.